యంత్రము పాడిన చరణము



ఉగాది సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని ఉత్సవ సంఘమువారు ప్రతి సంవత్సరమువలెనే ఈ సంవత్సరమును నన్ను కోరిరి. సాధారణముగా నేను రామభజన విశిష్టతను గూర్చియో, మన పూర్వుల ఆచారములను గూర్చియో నాలుగు మాటలు వ్రాసి యిచ్చుచుందును. ఈసారి విషయము వేరు. ఇది మా యింటి వసారాలో పుట్టిన ప్రశ్న. నా మనుమడు అడిగెను. నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. కొన్ని నెలలు ఆలోచించి, నాకు తెలిసిన ప్రాచీన గ్రంథముల వెలుగులో ఆ ప్రశ్నను పరిశీలించి, తేలినదానిని మీ ముందుంచుచున్నాను. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

ప్రశ్న యిది: యంత్రము కట్టిన పాట నిజమైన పాట యగునా? నేటి కృత్రిమ మేధ కళను సృష్టింపగలదా?

ప్రశ్న పుట్టిన విధము

మా నాయనమ్మ తల్లి 1880వ దశకమున మద్రాసు రేవులో ఓడ నెక్కి ఈ మారిషస్ ద్వీపమునకు వచ్చెను. ఆమె పేరు, వయస్సు, వలస సంఖ్య మోకాలోని మహాత్మాగాంధీ సంస్థవారు భద్రపరచిన పత్రములలో కలవు. ఆ పత్రములలో లేనిది ఒక పాట. తిరగలి త్రిప్పుచు ఆమె పాడుకొనిన ఆ పాటను మా నాయనమ్మ నేర్చెను. నాయనమ్మ పాడుచుండగా మా తండ్రిగారు ఒక పాత నోటుపుస్తకములో వ్రాసికొనిరి. ఆ పుస్తకము నేటికిని నా యొద్ద కలదు.

పాటకు ఏడు చరణములు. మొదటి రెండింటిలో ఊరు, ఎండిన చెరువు. మూడవదానిలో ఆశలు చూపిన మేస్త్రీ. నాలుగవదానిలో రేవుదాక నడక. ఆరవదానిలో ఇచ్చటి చెరకు తోటలు, తెల్లవారకముందే మ్రోగు గంట. ఏడవదానిలో సింహాద్రి అప్పన్నకు మ్రొక్కు. అయిదవ చరణ ముండవలసిన చోట మా తండ్రిగారు నాలుగు పంక్తుల మేర ఖాళీ విడిచిరి. ఓడ ప్రయాణమును గూర్చిన చరణము మరపున పడినదని మేమందరము తలచితిమి. నాయనమ్మ గతించి అరువది యేండ్లు కావచ్చినది. ఇక అడుగుటకు ఎవరును లేరని చింతించుచుంటిమి.

గత ఉగాదికి మన యువకులు ఆ పాటను వేదికపై పాడ సంకల్పించిరి. ఖాళీ చరణమును ఏమి చేయుట? నా మనుమడు తక్కిన ఆరు చరణములను కంప్యూటరులోని కృత్రిమ మేధకు అందించి, లోపించిన చరణమును వ్రాయుమని కోరెను. పొయ్యిమీది పాలు పొంగునంత కాలము కూడ పట్టలేదు. నాలుగు పంక్తులు తెరపై వచ్చినవి. నడక సరిపోయినది, ప్రాస కుదిరినది. నడి సముద్రము, నక్షత్రములు, తీరమున నిలిచి చేయి ఊపుచున్న కన్నతల్లి, ఆమె కొప్పులోని మల్లెలు. అన్నియు చక్కగా నమరినవి.

వేదికపై ఆ చరణము వచ్చినపుడు సభ నిశ్శబ్దమాయెను. పలువురు కన్నుల నీరు పెట్టుకొనిరి. ముందు వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు వెక్కి వెక్కి యేడ్చెను. ఆమె చిన్నతనమున మా నాయనమ్మ యున్న ఎస్టేటు కాంపులోనే పెరిగినది. ఇంటికి వచ్చిన పిమ్మట మనుమడు నన్నడిగెను:

"తాతయ్యా, అందరూ ఏడ్చారు కదా! ఇంకేం కావాలి? ఇది పాట కాదంటారా?"

యంత్రము చేయు పని యేమి?

తీర్పునకు ముందు వస్తువును తెలిసికొనవలెను. ఈ యంత్రము మన మనుకొనునట్లు మంత్రశక్తి గలది కాదు. మనుష్యులు వ్రాసిన కోట్లాది పుటలను దానికి చదివింతురు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు ఎంత అవకాశము గలదో అది లెక్కల రూపమున గ్రహించును. మనము నాలుగు మాటలు ఇచ్చినచో, వానికి తగిన అయిదవ మాటను, దాని వెంట ఆరవదానిని కూర్చుకొనుచు పోవును. చిత్రములు వ్రాయు యంత్రములలో పెక్కు, గజిబిజి చుక్కలతో నిండిన తెర నుండి ఆరంభించి, అడిగిన రూపము తేలువరకు ఆ గజిబిజిని మెల్లమెల్లగా తొలగించును. నేర్చిన దంతయు మనుష్యుల పనినుండియే.

ఇది నిన్న నేడు మొదలైన ప్రయత్నము కాదు. 1956-57 ప్రాంతముననే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు సాయముతో నాలుగు తంత్రీ వాద్యములకు సంగీతమును కూర్చిరి. 2018 అక్టోబరులో న్యూయార్కు నగరమున యంత్రము సృష్టించిన ఒక పురుషుని చిత్తరువు వేలములో 4,32,500 డాలర్లకు అమ్ముడు పోయెను. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు ప్రదర్శనలో యంత్ర సాయమున చేసిన చిత్రమునకు ప్రథమ బహుమానము రాగా చిత్రకారులు కినుక వహించిరి. యంత్రమే ఏకైక కర్తయైన చిత్రమునకు గ్రంథస్వామ్య హక్కు లేదని అచ్చటి న్యాయస్థానము 2023లో తీర్పు చెప్పెను. 2025లో పై న్యాయస్థానము ఆ తీర్పునే నిలిపెను. న్యాయస్థానము హక్కును తేల్చినది గాని, కళను తేల్చలేదు. అది తత్త్వవేత్తల పని.

మన పెద్దలకు యంత్రములు క్రొత్త కావు. పదునొకండవ శతాబ్దిలో మాళవమునేలిన భోజరాజు పేరిట నున్న సమరాంగణ సూత్రధారమున యంత్రములకే ఒక అధ్యాయము కలదు. అదే శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో ఒక నగరము వర్ణింపబడినది. అందు తిరుగు జనులందరు కొయ్యబొమ్మలే. వారు నడతురు, పని చేయుదురు. కాని ఊరిలో ఒక్క మాట వినబడదు. ప్రాణముతో నున్నవాడు ఆ బొమ్మలను చేసిన వడ్రంగి యొక్కడే. నేటి బొమ్మలు మాటలాడుచున్నవి. ప్రశ్న కష్టమగుటకు కారణమదియే.

పూర్వపక్షము

మన శాస్త్రకారులు తమ మతమును చెప్పుటకు ముందు ఎదుటివాని వాదమును నిండు బలముతో నిలుపుదురు. కావున మొదట నా మనుమని పక్షమున నిలిచి వాదించెదను.

మొదటి వాదము. భరతముని నాట్యశాస్త్రమున రసనిష్పత్తిని చెప్పుచు విభావములు, అనుభావములు, వ్యభిచారి భావములు కలియుటను చెప్పెను. అవి సరిగా కూడినచో రసము పుట్టును. తరువాతి ఆలంకారికులు ఆ రసాస్వాదము జరుగునది సహృదయుడైన ప్రేక్షకుని యందని నిర్ణయించిరి. అట్లయినచో, వినువాని హృదయము కరగిన పిమ్మట, కూర్చినవాడు ఎవడైన నేమి? పాయసము మధురముగా నున్నపుడు గరిటె ఏ లోహముతో చేసినదని ఎవరడుగుదురు?

రెండవ వాదము. మమ్మటుడు కావ్యమునకు మూడింటిని కారణముగా చెప్పెను. పుట్టుకతో వచ్చిన శక్తి. లోకమును, శాస్త్రములను, కావ్యములను పరిశీలించుటచే కలిగిన నిపుణత. తెలిసినవారి శిక్షణలో చేసిన అభ్యాసము. యంత్రమునకు నిపుణత మనలో ఎవరికిని లేనంత కలదు. అభ్యాసము రేయింబవళ్లు జరిగినది. శక్తి యొక్కటియే సందేహము. కాని దండి తన కావ్యాదర్శమున సహజ ప్రతిభ లేనివారికిని ధైర్యము చెప్పినాడు. శాస్త్ర శ్రవణముతోను, యత్నముతోను సేవించినచో వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహమును చూపకపోదని ఆయన మతము. ఆ యనుగ్రహము యంత్రమునకు మాత్రము ఏల రాకూడదు?

మూడవ వాదము మనకు మరింత దగ్గరిది. మన భక్త కవులు తాము కర్తలమని చెప్పుకొనలేదు. పోతనామాత్యుని గూర్చిన ఐతిహ్యమును ఎరుగనివారెవరు? గజేంద్ర మోక్షమున వైకుంఠమును వర్ణింపబోయి, పద్యము ముందుకు సాగక, గంటము విడిచి ఆయన బయటకు వెళ్లెననియు, రాముడే పోతన రూపమున వచ్చి పద్యమును పూరించి పోయెననియు మన పెద్దలు చెప్పిరి. ఖాళీని మరియొక చేయి పూరించుట నాడు పుణ్యకథ యైనపుడు, నేడు దోషమెట్లగును? అంతేకాదు, మన తిరగలి పాటలకు కర్త పేరే లేదు. ఇంకను పైకి పోయినచో, మీమాంసకుల మతమున వేదము అపౌరుషేయము. దానికి కర్తయే లేడు. కర్త లేకుండుట లోపమైనచో, వేదమునకును ఆ లోపము తగులవలెను గదా!

ఈ వాదములు నన్ను చాలకాలము నిలువరించినవి. యంత్రమును ఈసడించి, "అదంతయు మాయ" యని త్రోసివేయువారు ఈ మూడింటికి సమాధానము చెప్పక తప్పదు.

సిద్ధాంతము

మొదట సాంఖ్యుల మాట. నేటివారు యంత్రము ఆలోచించుచున్నదని విస్తుపోవుదురు. సాంఖ్యునకు ఇందు విస్మయ మేమియు లేదు. ఆయన మతమున బుద్ధి, అహంకారము, మనస్సు అన్నియు ప్రకృతి పరిణామములే, అన్నియు జడములే. నిర్ణయించుట, పోల్చుట, గుర్తుంచుట జడమైన బుద్ధి చేయు పనులు. చైతన్యము పురుషునిది. ఎఱ్ఱని పువ్వు దగ్గర నుంచిన స్ఫటికము ఎఱ్ఱగా కనబడునట్లు, పురుషుని సాన్నిధ్యమున బుద్ధి చేతనమువలె తోచును. కావున యంత్రము తెలివిగా పని చేసినంత మాత్రమున దానికి లోపల అనుభవించువాడు కలడని చెప్పరాదు. బుద్ధికి పని కలదు, భోగము లేదు. రసము భోగమునకు సంబంధించినది.

ఇక మొదటి వాదమునకు సమాధానము. రసము ప్రేక్షకుని యందు పండునన్నది నిజమే. కాని పండు ఎచ్చటినుండి వచ్చెనో అభినవగుప్తుడు మరువలేదు. కవియందలి రసము విత్తనము వంటిది; కావ్యము చెట్టు; నటుని అభినయము పూవు; సామాజికుని ఆస్వాదము ఫలము. ఇది ఆయన చూపిన పోలిక. కవియు మొదట ఒక సామాజికుడే. తాను అనుభవించనిది ఇతరులకు ఇవ్వలేడు. వాల్మీకి క్రౌంచపక్షుల కథలో శోకము మొదట ముని గుండెకు తగిలినది. శ్లోకము తరువాత వచ్చినది.

చెరకు పండించిన వంశములవారము మనము. మనకు మన పోలికయే సులభము. గానుగలో చెరకు వేసినచో రసము వచ్చును. అది తీపియే, తీపి కాదనువాడు అబద్ధమాడినట్లే. కాని ఆ తీపి గానుగది కాదు. గానుగకు తీపి తెలియదు. ఆ రసమును తోటలో పోసినచో మొలక రాదు. మొలక రావలెనన్నచో కన్ను గల ముచ్చె కావలెను. చెరకు ముచ్చెను నాటునపుడు మన తాతలు కన్ను చెడకుండ చూచుకొనిరి. కన్ను పోయిన ముచ్చె ఎంత లావుగ నున్నను మన్నులో కలిసిపోవును. యంత్రము మహా గానుగ. లక్షలాది కవుల, గాయకుల, తల్లుల మాటలు అందు పడినవి. అది ఇచ్చు రసమున తీపి వారిదే. సభలో పలువురు కన్నీరు పెట్టినది అబద్ధము కాదు. ఎవరో తల్లి ఎచ్చటనో నిజముగా చేయి ఊపినందువలన ఆ మాటకు ఆ శక్తి వచ్చినది. యంత్రము దానిని పిండి మన పాత్రలో పోసినది.

రెండవ వాదమును గూర్చి. మమ్మటుడు చెప్పిన నిపుణతలో లోకమును చూచుట మొదటిది. యంత్రము లోకమును గూర్చిన మాటలను చూచినది గాని లోకమును చూడలేదు. ఎండిన చెరువును గూర్చి వేయి పద్యములు దానికి తెలియును, దాహము తెలియదు. మన తెలుగుసీమలోని కోనసీమకు చెందిన జగన్నాథ పండితరాయలు పదునేడవ శతాబ్దిలో రసగంగాధరమును రచించుచు, మమ్మటుని మూడు కారణములను త్రోసి, ప్రతిభ యొక్కటియే కావ్యమునకు కారణమనెను. తక్కినవి ప్రతిభను కలిగించుటకు తోడ్పడునే గాని దాని స్థానమున నిలువలేవు. దండి చెప్పిన యత్నము కూడ ఊరక జరుగు శ్రమ కాదు. వాగ్దేవిని ఉపాసించువాని శ్రమ. ఉపాసనకు అలసట, ఆశ, భయము గల యొకడు కావలెను.

ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో ధ్వన్యాలోకమున ఈ విషయమునకు చాల దగ్గరగా వచ్చెను. ఇద్దరు కవుల రచనలు ఒకదానినొకటి పోలుట మూడు విధములని ఆయన చెప్పెను. అద్దములో ప్రతిబింబము బింబమును పోలినట్లు పోలుట ఒకటి. చిత్రము మనుష్యుని పోలినట్లు పోలుట రెండవది. ఒక మనిషి మరియొక మనిషిని పోలినట్లు పోలుట మూడవది. మొదటిదానికి తనదైన ఆత్మ లేదు. రెండవదాని ఆత్మ తుచ్ఛము. ఈ రెంటిని కవి విడువవలెను. మూడవది దోషము కాదు. ముఖములు పోలినను ఇద్దరికిని వేర్వేరు ప్రాణములు కలవు గదా! మా నాయనమ్మ పాటయు మరి వేయి వలస పాటలను పోలియుండవచ్చును. అది మనిషి మనిషిని పోలుట. యంత్ర చరణము ఆ పాటలను పోలుట చిత్రము మనిషిని పోలినట్టిది. చిత్రము అందముగ నుండవచ్చును, పిలిచినచో పలుకదు.

మూడవ వాదము మిగిలినది. పోతన కథలో పూరించిన చేయి వేరన్నది ఒక్కటే మనము చూచుచున్నాము. గంటము విడిచిన చేతిని చూచుటలేదు. తన చూపు ఎంతవరకు పోవునో అంతవరకు పోయి, ఇక తెలియదని ఒప్పుకొని లేచిన వినయము ఆ కథకు ప్రాణము. ఆయనకు అహంకార ముండెను, దానిని విడిచెను. యంత్రమునకు విడువవలసిన అహంకారము లేదు. తెలియదని ఆగవలసిన చోట ఆగుటయు దానికి సులభము కాదు. అడిగినచో ఏదో ఒకటి వ్రాయును. ఇక అపౌరుషేయ వాదము. మీమాంసకుడు వేదమునకు కర్త లేడన్నది, మనుష్య దోషములు దానికి సోకలేదని చెప్పుటకు. యంత్ర వాక్యమున అందుకు విరుద్ధముగ లక్షల పురుషుల గుణదోషములన్నియు చేరినవి. కర్తలు లేక కాదు. లెక్కకు మించిన కర్తల పేర్లు చెరిగిపోయినందున అది కర్త లేనిదివలె కనబడుచున్నది. చెరకు తోటలలో మన పూర్వుల పేర్లు పోయి సంఖ్యలు మిగిలినట్లే ఇదియును. పేరు చెరపబడుట ఎట్టిదో మనకు ఒకరు బోధింప నక్కరలేదు.

ఆప్తుడెవరు?

ఇంతవరకు వచ్చిన పిమ్మట నాకు న్యాయశాస్త్రము జ్ఞప్తికి వచ్చెను. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెనని నైయాయికుల మతము. ఆప్తుడనగా ఎవడు? విషయమును సాక్షాత్తుగా ఎరిగినవాడు. ఎరిగినదానిని ఉన్నదున్నట్లు ఇతరులకు తెలుపవలెనను కోరిక గలవాడు. ఇది వాత్స్యాయనుని వివరణము. యంత్రమునకు ఈ రెండును లేవు. అది అబద్ధమాడదు; నిజమును చెప్పదు. సాధారణముగా ఎట్లుండునో అట్లు చెప్పును. ఓడ నెక్కు ఆడపడుచు పాటలో తీరమున తల్లి యుండుట సాధారణము. కావున తల్లిని నిలిపెను.

ఈ నిర్ణయమునకు వచ్చి, సభలో ఏడ్చిన ఆ వృద్ధురాలిని చూడబోతిని. చరణము ఆమెకు అంత నచ్చినదా యని అడుగుట నా ఉద్దేశము. ఆమె చెప్పిన మాటలను మార్పు చేయక వ్రాయుచున్నాను.

"బాబూ, అక్కడ మీ నాయనమ్మ పాడేది కాదు. నోరు మూసుకొని తిరగలి నాలుగు చుట్లు తిప్పేది. ఆ తరువాతే మళ్లీ గొంతెత్తేది. వాళ్లమ్మ కూడా అంతేనట. కన్నతల్లికి చెప్పకుండా వచ్చేసిందట ఆవిడ. చెబితే పోనివ్వదని. ఆ చోటికి మాట ఏముంటుంది? మొన్న ఆ చోటు వస్తుందని నేను కాచుకొని కూర్చున్నాను. పిల్లలు పాడేశారు. ఆ చుట్లు రాలేదు. అందుకే ఏడుపొచ్చింది."

నాకు నోట మాట రాలేదు. అయిదవ చరణము మరపున పడలేదు. అది ఎన్నడును లేదు. మా తండ్రిగారు నోటుపుస్తకములో విడిచిన నాలుగు పంక్తులు ఖాళీ కావు. అవి నాలుగు చుట్లు. తిరగలి రాతి చప్పుడే ఆ చరణము. చిన్ననాడు ఆ పాట వినుచు నేను నాయనమ్మ ఒడిలో ఎన్నోమారులు నిద్రించితిని. ఆ మౌనమును మాత్రము గుర్తింపలేదు. దోషము యంత్రముది కాదు. అది మౌనమని మేము దానికి చెప్పలేదు; మాకే తెలియదు. ఉన్నదానిని లేదనుకొని, లేనిదానిని తెచ్చి నింపినది మేమే.

కావ్యమునకు ఆత్మ ధ్వని యని ఆనందవర్ధను డనెను. మాట చెప్పక విడిచినదియే అన్నిటికంటె లోతుగా చెప్పునని దాని భావము. ఈ సిద్ధాంతమును నేను పుస్తకములలో ఏబది యేండ్లుగ చదువుచున్నాను. చదువురాని మా ముత్తవ్వ దానిని తిరగలి దగ్గర ఆచరించెను.

కళ యెవరిని మార్చును?

ఒక్క మాట మిగిలినది. నా దృష్టిలో ఇది ముఖ్యము. కళ యనగా వస్తువు మాత్రమేనా? ఐతరేయ బ్రాహ్మణమున శిల్పములను గూర్చిన ఒక ప్రసంగము కలదు. శిల్పములు ఆత్మకు సంస్కారమనియు, వానిచే యజమానుడు తన్ను తాను సంస్కరించుకొనుననియు అచ్చట చెప్పబడినది. అనగా కుండను చేయుచు కుమ్మరియు తయారగును; పాటను కట్టుచు పాడువాడును తయారగును. తయారైన వస్తువు లోకమునకు. తయారైన మనిషి తనకు, తన వారికి. యంత్రము చరణమును ఇచ్చెను. ఆ పనిలో సంస్కారము పొందినవా రెవరు? యంత్రము కాదు. నా మనుమడును కాడు. అతడు అడిగి, ఎదురు చూచి, అందుకొనెను. పాట వచ్చినది, పాటగాడు రాలేదు.

మనవంటి జాతికి ఇది చిన్న నష్టము కాదు. కోట్లాది జనము తెలుగు మాటలాడు దేశమున ఒకడు యంత్రముచే పాట వ్రాయించుకొన్నను భాషకు పెద్ద లోటు రాదు. మన ద్వీపమున పరిస్థితి వేరు. ఇంట క్రెయోల్, కార్యాలయమున ఫ్రెంచి, ఇంగ్లీషు; తెలుగు బడిలోను, గుడిలోను, రామభజనలోను మిగిలినది. 'కోరంగివారు' అని ఇతరులు మనలను పిలిచిన కాలమున, పగలంతయు చెరకు నరికి, రాత్రి దీపము చుట్టు తిరుగుచు తెల్లవారువరకు భజన చేసిరి మన పూర్వులు. వారి తెలుగు తప్పుల తెలుగు కావచ్చును. కాని నోటి నిండ పలికిన తెలుగు. నేడు ఆహ్వానపత్రము, స్వాగతోపన్యాసము, మంగళహారతి, అన్నియు యంత్రము తప్పులేని తెలుగులో వ్రాసి యియ్యగలదు. అప్పుడు మన సభలలో తెలుగు పెరుగును. మన నోళ్లలో తరుగును. కథాసరిత్సాగరపు నగరములో బొమ్మలు మూగవి. వడ్రంగికి మాట కలదు. మన నగరమున బొమ్మలు మాటలాడి, వడ్రంగి మూగవాడు కారాదు.

అట్లని యంత్రమును బహిష్కరింపుడని నేను చెప్పుటలేదు. ఆ చరణము మూలముననే నా మనుమడు పాటలోని ప్రతి మాటకు అర్థమడిగెను. తెలియని పదమును విప్పి చెప్పుటకు, అక్షరములు దిద్దించుటకు, దూరముననున్న పుస్తకమును దగ్గరకు తెచ్చుటకు అది మంచి సేవకుడు. ప్లేటో తన 'ఇయాన్' సంవాదమున ఒక సూదంటురాయిని చెప్పెను. ఆ రాయి ఒక ఇనుప ఉంగరమును పట్టును. ఆ ఉంగరము మరియొక ఉంగరమును పట్టును. అట్లే దేవత కవిని, కవి గాయకుని, గాయకుడు శ్రోతను పట్టుదురు. యంత్రము ఆ గొలుసులో ఒక ఉంగరము కావచ్చునేమో. కాని సూదంటురాయి వేరొకచోట కలదు. గొలుసు పొడవైన కొలది రాయి యెచ్చటనున్నదో మరచిపోవుట సులభము. మరువరాదనుటయే నా ప్రార్థన.

కావున నా మనుమనికి నేను చెప్పిన సమాధానము ఇది: "నాయనా, అది పాట వంటిదే. అందులో తీపి ఉంది; ఆ తీపి ఎవరెవరిదో. కాని మన పాటలో అది లేదు." అతడు కొంతసేపు మిన్నకుండి, "మరి ఈ ఉగాదికి ఏం చేద్దాం తాతయ్యా?" అని అడిగెను.

ఈ ఉగాదికి యువకులు ఆ పాటను మరల పాడుదురు. ఈ సంచికలో పాట పూర్తిగా అచ్చు వేయబడినది. నాలుగవ చరణము తరువాత నాలుగు పంక్తుల ఖాళీ కలదు. అది అచ్చుతప్పు కాదని పాఠకులు గ్రహింతురు గాక. మా పెరటిలో తులసికోట ప్రక్కన పడియున్న తిరగలిని నా మనుమడు కడిగి సిద్ధము చేసినాడు. వేదికపై ఆ చోటు వచ్చినపుడు అతడు దానిని నాలుగు చుట్లు త్రిప్పును. రాయి బరువైనది, అతని చేయి ఇంకను అలవాటు పడలేదు, మూడవ చుట్టులో ఆగుచున్నది. రోజూ సాయంకాలము సాధన చేయుచున్నాడు. ఆ సమయమున దయచేసి ఎవరును చప్పట్లు కొట్టవలదని మనవి.

స్వస్తి.